ఫోను, ఇయర్‌బడ్స్, వైఫై: ఆలస్యం కొలవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కొన్నవారు, ఫోనులో ఆటలాడేవారు, ఇంట్లో రెండు ఫోన్లను వైఫైతో కలిపి వాడేవారు తిప్పి తిప్పి అడిగే సందేహాలు ఇవి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాయడం కన్నా అన్నీ ఒకచోట ఉంటే మేలని ఈ పేజీ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు. ముందుగా ఒక్క మాట: ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిన కాలమో చెప్పని మిల్లీసెకన్ల అంకెను నమ్మకండి, అది డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చయి ఉన్నా సరే.

## కొలవడానికి ముందు

రేడియో తరంగాలు కాంతి వేగంతో వెళతాయి కదా, మరి ఈ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తోంది?

గాలిలో ప్రయాణానికి పట్టే కాలం లెక్కలోకి రానంత చిన్నది. 10 మీటర్లకు సుమారు 33 నానోసెకన్లు, అంటే మిల్లీసెకనులో ముప్పై వేలవ వంతు. కాలమంతా రెండు చివర్లలో ఖర్చవుతుంది.

ఫోను ముందుగా ధ్వనిని ముక్కలు చేసి కుదిస్తుంది. ఇలా కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. అందరి దగ్గరా ఉండే ఎస్‌బీసీ కోడెక్‌లో ఒక ముక్కకు సాధారణంగా 128 నమూనాలు, అంటే ధ్వనిని వరుసగా కొలిచి తీసుకున్న అంకెలు. సెకనుకు 44,100 నమూనాల లెక్కన అది 2.9 మిల్లీసెకన్ల ధ్వని. ఇలాంటివి కొన్ని పోగయ్యాక ప్యాకెట్‌గా కట్టి, తన వంతు వచ్చినప్పుడు పంపుతుంది. బ్లూటూత్ కాలాన్ని 625 మైక్రోసెకన్ల స్లాట్లుగా విభజిస్తుంది. పెద్ద ప్యాకెట్‌కు 5 స్లాట్లు, అందిందని తిరిగి చెప్పడానికి ఇంకొకటి, వెరసి 3.75 మిల్లీసెకన్లు. ఇక్కడిదాకా చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు. అసలు భారం ఇయర్‌బడ్స్‌లోని బఫర్‌ది. దారిలో ప్యాకెట్ పోతే మళ్లీ తెప్పించుకోవడానికి వ్యవధి ఉండాలి కాబట్టి అవి కొంత ధ్వనిని ముందే నిల్వ చేసుకుని, ఆ తర్వాతే వినిపించడం మొదలుపెడతాయి. మామూలు ఇయర్‌బడ్స్‌లో మొత్తం ఆలస్యం తరచుగా 150 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య తేలడానికి ముఖ్య కారణం ఈ నిల్వే.

ఎంత ఆలస్యమైతే మనకు తెలుస్తుంది?

చేసే పనిని బట్టి ఉంటుంది. వీడియో విషయంలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 నాటి బీటీ.1359 సిఫారసులో చెప్పిన హద్దులు ఇవి: ధ్వని బొమ్మ కన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవారు పసిగడతారు. వెనకబడటాన్ని మనం ఎక్కువగా ఓర్చుకుంటాం, ఎందుకంటే ప్రకృతిలో అది మనకు అలవాటే. ఏటి అవతలి రేవులో 100 మీటర్ల దూరాన బండ మీద బట్టలు బాదుతుంటే, దెబ్బ పడటం కనిపించిన దాదాపు 290 మిల్లీసెకన్లకు గానీ చప్పుడు మన చెవిన పడదు. చప్పుడు ముందు, దెబ్బ తర్వాత అనే అనుభవం మాత్రం ఎవరికీ ఉండదు.

ఫోను సంభాషణలో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మాటలు ఒకదానిమీద ఒకటి పడవు. వాద్యం వాయించేవారి సంగతి వేరు. ఇరవై ముప్పై మిల్లీసెకన్లు దాటితే చేతికీ చెవికీ పొంతన తప్పుతుంది. మన గొంతే మనకు 200 మిల్లీసెకన్ల ఆలస్యంతో వినిపిస్తే మాట తడబడుతుంది. అందుకే బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో తమ పాట తాము వింటూ కరావోకే పాడేవారికి లయ నిలవదు. ఆ తప్పు వారి గొంతుది కాదు.

డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని ఉంది. ఆలస్యం తక్కువే ఉంటుంది కదా?

అలా అనుకోవడానికి వీల్లేదు. ఆలస్యాన్ని నిర్ణయించేవి కోడెక్, బఫర్; వెర్షన్ సంఖ్య కాదు. 2020లో వచ్చిన 5.2 ప్రమాణంతో ఎల్ఈ ఆడియో అనే కొత్త ధ్వని పద్ధతికీ, దాని ఎల్‌సీ3 కోడెక్‌కూ దారి ఏర్పడింది. ఆ కోడెక్ 7.5 లేదా 10 మిల్లీసెకన్ల ముక్కలతో పనిచేస్తుంది కాబట్టి ఆలస్యం బాగా తగ్గే వీలుంది. కానీ దాన్ని చేర్చాలా వద్దా అనేది తయారీదారు ఇష్టం. ఫోనులోనూ ఇయర్‌బడ్స్‌లోనూ రెండింటిలోనూ ఉంటేనే పనిచేస్తుంది; లేకపోతే 5.3 అని రాసి ఉన్నా ధ్వని పాత దారినే వెళుతుంది.

సినిమా చూస్తే పెదవులకూ మాటకూ తేడా లేదు, ఆటలో మాత్రం తుపాకీ పేలాక చప్పుడు వస్తోంది. లోపం ఆటలో ఉందా?

లోపం ఎక్కడా లేదు. చాలా ఇయర్‌బడ్స్ తమ దగ్గర ఎంత ఆలస్యం అవుతుందో మిల్లీసెకనులో పదో వంతు దాకా లెక్కగట్టి ఫోనుకు తెలియజేస్తాయి. వీడియో ప్లేయర్ ఆ మేరకు బొమ్మను ఆపి చూపిస్తుంది. సినిమా ముందే తయారై ఉంది కాబట్టి బొమ్మను ఆపినా మీకు తెలియదు. ఆటలో అది కుదరదు: మీరు వేలు ఆనించిన క్షణంలోనే చప్పుడు పుడుతుంది, బొమ్మను ఆపితే ఆటే మందగిస్తుంది. అందుకని వీడియో చూసి ఇయర్‌బడ్స్‌లో ఆలస్యం లేదని తేల్చకండి. ప్లేయర్ దాన్ని దాచిపెట్టిందంతే.

## సిద్ధం చేసుకోవడం

దీనికి ఖరీదైన పరికరాలు కావాలా?

అక్కర్లేదు. రికార్డు చేయడానికి రెండో ఫోను, ఆ రికార్డింగ్‌ను పెద్దది చేసి చూడటానికి ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్ చాలు. సెకనుకు 48,000 నమూనాల రికార్డింగ్‌లో ఒక్కో నమూనా 0.02 మిల్లీసెకన్లు. ఇయర్‌బడ్స్ పనికి అది అవసరానికి మించిన సూక్ష్మత.

రెండు ఫోన్లలోనూ గడియారం పెట్టి, పంపిన సమయం, అందిన సమయం తీసివేస్తే సరిపోదా?

సరిపోదు. రెండు ఫోన్ల గడియారాలూ మిల్లీసెకన్ల స్థాయిలో కలిసి ఉంటాయన్న హామీ లేదు. ఒకసారి కలిపినా నిలవవు: గడియారాన్ని నడిపే స్ఫటికంలో పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుంటే, గంట తిరిగేసరికి 72 మిల్లీసెకన్లు తప్పుతుంది. మీరు కొలవాలనుకున్న ఆలస్యం అంతకన్నా చిన్నదే కావచ్చు.

తప్పించుకునే దారి సులువైనదే. మొదలునూ చివరనూ ఒకే పరికరం చేత రికార్డు చేయించండి. వేలి మీటు, ఇయర్‌బడ్ చప్పుడు రెండూ ఒకే మైకులో పడితే అక్కడ ఉన్నది ఒకే గడియారం. పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూసే పరీక్ష) కూడా అదే పని చేస్తుంది: వెళ్లిన క్షణాన్నీ తిరిగొచ్చిన క్షణాన్నీ పంపిన యంత్రమే గుర్తిస్తుంది.

ఇప్పుడు ఏ కోడెక్ నడుస్తోందో ఎలా తెలుసుకోవాలి?

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. ఇయర్‌బడ్స్ కలిపి ఉన్నప్పుడు అందులో బ్లూటూత్ ఆడియో కోడెక్ అనే చోట ప్రస్తుతం నడుస్తున్నది కనిపిస్తుంది. కొలత పక్కన ఆ పేరు తప్పక రాసుకోండి. ఎస్‌బీసీతో కొలిచినదాన్ని ఏఏసీ అనే మరో కోడెక్‌తో కొలిచినదానితో పోల్చి ఫోన్లను తిట్టుకోవడం తరచుగా కనిపించే పొరపాటు.

చెవిలోంచి తీయగానే ఇయర్‌బడ్ ఆగిపోతోంది. మైకు దగ్గర పెట్టేదెలా?

చెవిలో ఉందా లేదా అని చూసే సెన్సర్ పని అది. కంపెనీ యాప్‌లో ఆ సదుపాయాన్ని ఆపే వీలుంటే ఆపండి. లేకపోతే ఇయర్‌బడ్ లోపలివైపు కనిపించే నల్లటి చుక్కను వేలితో గానీ చిన్న టేపు ముక్కతో గానీ మూయండి.

## కొలిచేటప్పుడు

ఇయర్‌బడ్స్ ఆలస్యాన్ని ఇంట్లో కొలిచే నమ్మకమైన పద్ధతి ఒకటి చెప్పండి.

పరీక్షించే ఫోనులో తాకగానే మోగే డ్రమ్ముల యాప్ ఏదైనా వేసుకుని ఇయర్‌బడ్స్ కలపండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఫ్యాను ఆపి, రెండో ఫోనులో రికార్డర్ నడపండి. ఒక ఇయర్‌బడ్‌ను రెండో ఫోను మైకు రంధ్రానికి ఆనించి పెట్టండి. పరీక్షించే ఫోను దాని పక్కనే, జానెడు దూరంలో ఉండాలి. ధ్వని 34 సెంటీమీటర్లు నడవడానికి ఒక మిల్లీసెకను పడుతుంది కాబట్టి అంత దగ్గరలో దూరం లెక్క వదిలేయవచ్చు.

ఇప్పుడు తెర మీది డ్రమ్మును వేలి కొసతో కాదు, గోరుతో టక్కున మీటండి. గాజు మీద గోరు తగిలిన టక్కు ముందు రికార్డవుతుంది, ఇయర్‌బడ్‌లోంచి డ్రమ్ము చప్పుడు ఆ తర్వాత వస్తుంది. రికార్డింగ్‌ను ఆడాసిటీలో తెరిచి పెద్దది చేస్తే చదునైన గీత మీద ముల్లులా లేచిన సన్నటి కొమ్ము ఒకటి, కొంత ఖాళీ తర్వాత గుబురుగా ఉబ్బిన అల ఒకటి కనిపిస్తాయి. మొదటిది గోరు, రెండోది డ్రమ్ము. రెండూ ఎక్కడ మొదలయ్యాయో అక్కడ గుర్తు పెట్టి మధ్య దూరం తీసుకోండి. అలల శిఖరాల మధ్య కొలవకండి, డ్రమ్ము శిఖరం మొదలుకన్నా బాగా వెనక ఉంటుంది.

వచ్చిన అంకెలో బ్లూటూత్ వాటా మాత్రమే ఉండదు. తెర వేలిని గుర్తించడం, యాప్ ధ్వనిని తయారుచేయడం కూడా అందులోనే ఉన్నాయి. అందుకని బ్లూటూత్ ఆపి, ఫోను సొంత స్పీకరుతో అదే పరీక్ష మళ్లీ చేయండి. మాటవరసకు ఇయర్‌బడ్స్‌తో 245, స్పీకరుతో 70 వచ్చాయనుకోండి: బ్లూటూత్ అదనంగా తెచ్చిపెట్టినది 175 మిల్లీసెకన్లు. రెండు అంకెలూ విలువైనవే. ఆట ఆడేవారికి 245 ముఖ్యం, ఇయర్‌బడ్స్ ఎంచుకునేవారికి 175.

రికార్డింగ్‌లో గోటి టక్కు కనబడటం లేదు, ఎందుకు?

రికార్డర్ యాప్ దాన్ని అనవసరపు రొదగా భావించి తుడిచేసి ఉంటుంది. నాయిస్ తగ్గించే సదుపాయం ఆపి, వేవ్ ఫైలుగా భద్రపరిచే యాప్ వాడండి.

మొదటి మీటుకు ఆలస్యం చాలా ఎక్కువగా, తర్వాత తక్కువగా వస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే, కానీ రెండూ వేరు వేరు. కాసేపు ధ్వని లేకపోతే ఫోను బ్యాటరీ పొదుపు కోసం ధ్వని ప్రవాహాన్ని ఆపేస్తుంది. మొదటి మీటుకు అది మళ్లీ మేలుకోవాలి. ఆట మధ్యలో ఉండే ఆలస్యం కావాలంటే మూడు నాలుగు మీట్లు వదిలేసి ఆపైన కొలవండి. మెసేజ్ వచ్చినప్పుడు మోగే చిన్న శబ్దం మొదట్లో తెగి వినిపించడానికి కారణం కూడా ఈ మేలుకోవడమే.

బ్లూటూత్ కీబోర్డు, గేమ్ కంట్రోలర్ ఆలస్యాన్ని కెమెరాతో కొలవవచ్చా?

కొలవవచ్చు. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో వేలూ తెరా రెండూ కనిపించేలా వీడియో తీయండి. మీట కిందికి దిగిన ఫ్రేము నుంచి తెర మారిన ఫ్రేము దాకా లెక్కపెట్టి, ఒక్కో ఫ్రేముకు 4.17 మిల్లీసెకన్ల చొప్పున గుణించండి. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారే మారుతుంది కాబట్టి ఒక్కసారి తీసిన కొలతలో ఆ మేరకు హెచ్చుతగ్గులు సహజం.

ఒకే వైఫై మీదున్న రెండు ఫోన్ల మధ్య ఆలస్యాన్ని పింగ్‌తో చూడవచ్చా?

చూడవచ్చు, ఫలితం అర్థం చేసుకోవాలంటే దారి తెలియాలి. రెండు ఫోన్లూ రౌటరుకు కలిసి ఉంటే ప్యాకెట్ మొదటి ఫోను నుంచి రౌటరుకు, అక్కడి నుంచి రెండో ఫోనుకు వెళ్లి, అలాగే తిరిగి వస్తుంది. ఒక్క పింగ్‌కు గాలిలో నాలుగు ప్రయాణాలు. ఒక ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి రెండోదాన్ని నేరుగా కలిపితే అవి రెండుకు తగ్గుతాయి. ఫోన్ల సంబంధాన్నే కొలవాలంటే ఈ రెండో పద్ధతే నయం. కళాశాల, హాస్టల్ వైఫైలలో ఒక పరికరం మరొకదాన్ని చూడకుండా అడ్డుకట్ట వేసి ఉంచడం మామూలు. అక్కడ పింగ్‌కు జవాబే రాదు.

స్క్రీన్ ఆరిపోగానే పింగ్ 5 నుంచి 100 దాటుతోంది. రౌటరు పాడైందా?

పాడవలేదు, ఫోను నిద్రపోయింది. తెర ఆరాక ఫోను తన వైఫై రేడియోను ఎక్కువ సేపు ఆపి ఉంచుతుంది. రౌటరు సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ పంపి, నీకోసం ప్యాకెట్లు ఉన్నాయని చెబుతుంది. ఫోను ఆ బీకన్ వేళకే మేలుకుంటుంది, ఒక్కోసారి కొన్ని బీకన్లను వదిలేస్తుంది కూడా. అప్పటిదాకా మీ పింగ్ రౌటరు దగ్గరే పడిగాపులు కాస్తుంది. కొలిచేటప్పుడు రెండు ఫోన్ల తెరలూ వెలుగుతూ ఉండాలి.

పింగ్ 20 అని వస్తే ఒకవైపు ఆలస్యం 10 అనుకోవచ్చా?

రెండువైపులా దారి ఒకే తీరున ఉందని తెలిసినప్పుడే. అవతలి ఫోను నిద్రలో ఉంటే వెళ్లేటప్పుడు ఎక్కువ కాలం, వచ్చేటప్పుడు తక్కువ కాలం పడుతుంది. తెలియనప్పుడు రానుపోను ఆలస్యం 20 అని ఉన్నదున్నట్టు రాయడమే నిజాయితీ.

బ్లూటూత్ లాగ్ తీసి, ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో చూస్తే ఆలస్యం తెలుస్తుందా?

పాక్షికంగానే. డెవలపర్ ఆప్షన్స్‌లో హెచ్‌సీఐ స్నూప్ లాగ్ ఆన్ చేస్తే ఫోనుకూ దాని బ్లూటూత్ చిప్‌కూ మధ్య నడిచిన సంభాషణ నమోదవుతుంది. ఏ కోడెక్ కుదిరింది, ఇయర్‌బడ్స్ ఎంత ఆలస్యం ఉందని చెప్పుకున్నాయి అన్నవి అందులో దొరుకుతాయి. ప్యాకెట్ గాలిలోకి ఎప్పుడు వెళ్లింది, చెవికి ఎప్పుడు వినిపించింది అన్నవి దొరకవు. అవి మైకుతో కొలవాల్సిందే.

## అంకెలు చదవడం

ఎన్నిసార్లు కొలవాలి? సగటు తీస్తే చాలా?

కనీసం 20 సార్లు కొలవండి. సగటు కన్నా మధ్యమం మేలు. 178, 181, 179, 183, 240 అనే అయిదు కొలతలు తీసుకుంటే సగటు 192 దాటుతుంది. కానీ 192 దరిదాపుల్లో ఒక్క కొలతా లేదు. వరుసలో పేర్చి మధ్యది తీస్తే 181, అదే సరైన చిత్రం. అలాగని 240ని చెత్తబుట్టలో వేయకండి, ఆట చెడేది ఆ ఒక్కసారే. మధ్యమాన్నీ అతిపెద్ద కొలతనూ రెండింటినీ చెప్పండి.

ఆలస్యానికీ జిట్టర్‌కూ తేడా ఏమిటి?

ఆలస్యం ఎంతసేపటికి వస్తుందన్నది. జిట్టర్ ఆ సేపు ఒక్కోసారి ఎంత మారుతోందన్నది. ఇయర్‌బడ్స్‌లోని బఫర్ జిట్టర్‌ను మింగేసి నికరమైన ఆలస్యంగా మారుస్తుంది. అందుకే దాదాపు ఎప్పుడూ ఒకే అంకె కనిపిస్తుంది. బఫర్ ఖాళీ అయిన రోజున మాత్రం ఆలస్యం పెరగదు, పాటే తెగుతుంది.

చేతి బ్యాండ్ చూపే గుండె వేగం ఫోనులో కొన్ని సెకన్లు వెనకబడుతోంది. చెడిపోయిందా?

చాలావరకు అది కావాలని చేసిన ఏర్పాటే. తక్కువ విద్యుత్తుతో నడిచే బ్లూటూత్‌లో రెండు పరికరాలూ 7.5 మిల్లీసెకన్ల నుంచి 4 సెకన్ల దాకా తమకు నచ్చిన వ్యవధికి ఒకసారి కలుసుకునేలా ఒప్పందం చేసుకుంటాయి. చెప్పడానికి ఏమీ లేకపోతే బ్యాండ్ కొన్ని కలయికలకు రాకుండా ఉండవచ్చు కూడా. బ్యాటరీ రోజుల తరబడి నిలిచేది ఆ వ్యవధి వల్లే. దీనికితోడు బ్యాండ్ కొన్ని గుండె చప్పుళ్లను కలిపి లెక్కగట్టడానికీ కొంత సమయం తీసుకుంటుంది.

## తగ్గించుకోవడం

గేమింగ్ మోడ్ నిజంగా పనిచేస్తుందా?

చాలా వాటిలో పనిచేస్తుంది. ప్రధానంగా అది చేసేది బఫర్‌ను చిన్నది చేయడం. దాని మూల్యం కూడా అక్కడే ఉంది: పోయిన ప్యాకెట్‌ను తెప్పించుకునే వ్యవధి తగ్గిపోతుంది. కాబట్టి బల్ల మీద పెట్టి కొలిచి మురిసిపోకండి. ఫోను వెనక జేబులో పెట్టుకుని, నడుస్తూ, జనం ఉన్నచోట కూడా వినండి. మన శరీరంలోని నీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా పీల్చుకుంటుంది, జేబుకూ చెవికీ మధ్య అడ్డుగా నిలిచేది మన ఒళ్లే.

హాట్‌స్పాట్ ఆన్ చేయగానే ఇయర్‌బడ్స్ తెగిపోతున్నాయి, ఏం చేయాలి?

హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. 2.4లో ఉంటే వైఫై, బ్లూటూత్ ఒకే తరంగ పట్టీని వాడుకుంటాయి. చాలా ఫోన్లలో రెండింటికీ చిప్ ఒకటే కాబట్టి వంతులు వేసుకోవాల్సి వస్తుంది. అపార్ట్‌మెంట్లలో పక్కింటి రౌటర్లు, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచే మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఈ పట్టీలోనే రద్దీ పెంచుతాయి.

ఆన్‌లైన్‌లో మృదంగం నేర్చుకుంటున్నాను. ఏ ఇయర్‌బడ్స్ కొనమంటారు?

తీగ ఉన్న ఇయర్‌ఫోన్ కొనండి. గురువుగారు చెప్పింది విని, ఆ తర్వాత మీరు వాయించేటప్పుడు బ్లూటూత్ ఉన్నా ఇబ్బంది లేదు. తాళం యాప్ పెట్టుకుని దానితో కలిసి వాయించేటప్పుడు మాత్రం తాళం మీ చెవికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, మీరు కుదురుగా వాయించినా, అవతల వినేవారికి మీ దెబ్బ వెనకబడినట్టు తోస్తుంది. ఇంటర్నెట్ తెచ్చే ఆలస్యం ఎలాగూ ఉంటుంది, దానికి మరో 200 మిల్లీసెకన్లు చేర్చుకోవలసిన పని లేదు. ఈ అవసరానికి అతి ఖరీదైన ఇయర్‌బడ్స్ కన్నా మామూలు తీగ మెరుగని నా గట్టి అభిప్రాయం.

కంప్యూటర్‌లో సినిమా చూస్తుంటే మాట వెనకబడుతోంది. సరిచేసుకోవచ్చా?

వీఎల్‌సీ ప్లేయర్‌లో జె, కె మీటలతో ధ్వనిని 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకూ వెనక్కూ జరపవచ్చు. ఎవరైనా చప్పట్లు కొట్టే దృశ్యం దగ్గర ఆపి సరిచూసుకుంటే సులువుగా కుదురుతుంది.

ఆలస్యం మరీ ఎక్కువగా ఉందని కంపెనీకి రాయాలి. ఏ వివరాలు ఇస్తే పట్టించుకుంటారు?

ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఇయర్‌బడ్స్ మోడల్, వాటి సాఫ్ట్‌వేర్ వెర్షన్, నడుస్తున్న కోడెక్, గేమింగ్ మోడ్ ఉందా లేదా, దూరం. ఆపైన గోటి మీటు నుంచి ఇయర్‌బడ్ చప్పుడు దాకా కొలిచానని స్పష్టంగా రాసి, ఎన్నిసార్లు కొలిచారో, మధ్యమం ఎంతో, అతిపెద్దది ఎంతో, ఫోను స్పీకరుతో ఎంత వచ్చిందో ఇవ్వండి. వేవ్ ఫైలును జత చేయడం మరవకండి. అది ఉంటే అవతలివారు మీ మాట మీద ఆధారపడనక్కర్లేదు, తామే తెరిచి కొలుచుకుంటారు.